పాత స్పాటింగ్ స్కోప్‌కి మళ్లీ చూపు తెప్పించాను

యాభై మీటర్ల ప్రోన్ (పడుకుని కాల్చే) రైఫిల్‌ని కాగితం టార్గెట్ మీద కాల్చేవాళ్లకి రైఫిల్ ఎంత ముఖ్యమో గుండు ఎక్కడ పడిందో చూపించే చిన్న టెలిస్కోప్, అంటే స్పాటింగ్ స్కోప్ కూడా అంతే ముఖ్యం. ఎలక్ట్రానిక్ టార్గెట్లు ఉన్నచోట పక్కనే మానిటర్ ఉంటుంది, పడిన ప్రతి గుండూ దశాంశంతో సహా కనిపిస్తుంది. మాలాంటి క్లబ్బు షూటర్లకి మాత్రం రోజువారీ ప్రాక్టీసు ఇంకా కాగితం మీదే. ఆ కాగితం మీద పదో రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. పాయింట్ టూటూ గుండు చేసే చిల్లు 5.6 మిల్లీమీటర్లు. 112.4 మిల్లీమీటర్ల నల్లటి బుల్‌లో ఆ చిల్లు ఎక్కడుందో పడుకున్నచోటి నుంచి తెలియాలి. తెలియకపోతే గురి చూసే సైటు ఎన్ని క్లిక్కులు తిప్పాలో తెలియదు, గాలి మారిందో లేదో తెలియదు. కాల్చిన గుండుకి జవాబు రానట్టే.

నా స్కోప్ నాకంటే ముందు ఇంకో సీనియర్ షూటర్ దగ్గర చాలా ఏళ్లు ఉంది. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. అదే ఒలింపిక్స్‌లో జయ్‌దీప్ కర్మాకర్ యాభై మీటర్ల ప్రోన్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. అందరూ నారంగ్ గురించి మాట్లాడుకుంటుంటే నా మనసు మాత్రం ఆ నాలుగో స్థానం మీదకే పోయింది. పడుకుని, స్లింగ్ (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీ) బిగించుకుని, ఊపిరి ఆపి అరవై గుండ్లు ఒకేలా కాల్చడం అనే విద్య అప్పుడే నన్ను పట్టుకుంది. రియో 2016 తర్వాత ప్రోన్‌ని ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. మా సీనియర్‌కి ఆసక్తి తగ్గింది, నాకు తగ్గలేదు. ఆయన సామాన్లు అమ్మేసుకుంటున్నప్పుడు ఈ స్కోప్ నా చేతికొచ్చింది.

జపాన్‌లో తయారైనది. 60 మిల్లీమీటర్ల ఆబ్జెక్టివ్ (ముందుండే పెద్ద అద్దం), తలకిందుల బొమ్మని సరిచేసే పోర్రో ప్రిజం, నిటారుగా, అంటే వంపు లేకుండా గొట్టం వరసలోనే చూసే రకం. ఒంటి మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న బంగారు రంగు స్టిక్కర్ ఉంది. జె.టి.ఐ.ఐ., అంటే జపాన్ టెలిస్కోప్ పరిశీలన సంస్థ, ఎగుమతికి ముందు చూసి పాస్ చేసిందన్న గుర్తు. ఆ కాలపు జపాన్ బైనాక్యులర్ల మీద కూడా ఇదే స్టిక్కర్ కనిపిస్తుంది. లెన్స్‌ని పక్కవాటుగా చూస్తే నీలం, ఊదా కలిసిన మెరుపు. అది మెగ్నీషియం ఫ్లోరైడ్ ఒకే పొర కోటింగ్. ఇప్పటి స్కోపుల్లో పచ్చగా మెరిసే మల్టీ కోటింగ్ అప్పటికి మామూలు ధరల్లోకి ఇంకా రాలేదు.

కొన్నాళ్లు బాగానే పనిచేసింది. తర్వాత తర్వాత తెల్లభాగంలో పడిన చిల్లులు కనిపిస్తూనే ఉన్నా నలుపులో పడినవి మాయమవడం మొదలైంది. పొద్దున పూట, టార్గెట్ వెనక ఆకాశం తెల్లగా ఉన్నప్పుడు మరీ ఘోరం. బొమ్మ మొత్తం మీద పాలు కలిపినట్టు తెలుపు. జూమ్ పెంచితే చిల్లు పెద్దదవుతోంది, దాంతోపాటు మసకా పెరుగుతోంది. ఫోకస్ నాబ్ గట్టిపడి, తిప్పితే స్టాండు మొత్తం కదిలేది.

క్లబ్బులో సలహాలకి కొదవ లేదు. తీసి పారేసి కొత్తది కొనుక్కో అన్నవాళ్లే ఎక్కువ. పెద్ద ఆబ్జెక్టివ్ ఉంటే గానీ చిల్లులు కనపడవని కొందరు, అరవై రెట్లు ఉండాలని మరికొందరు. నాకు లెక్క వేసి చూడనిదే డబ్బు తీయబుద్ధి కాలేదు.

లెక్క చాలా తేలిక. 50 మీటర్ల దూరంలో 5.6 మి.మీ. చిల్లు మన కంటికి దాదాపు 0.4 నిమిషాల కోణం. నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. మంచి కన్ను సుమారు ఒక నిమిషం దాకా విడదీసి చూడగలదు, అందుకే ఉత్త కంటికి చిల్లు దొరకదు. 20 రెట్లు పెంచితే అది దాదాపు ఎనిమిది నిమిషాలు, అంటే హాయిగా కనపడాలి. ఇక 60 మి.మీ. అద్దం సిద్ధాంతం ప్రకారం ఆ దూరంలో దాదాపు అర మిల్లీమీటరు తేడాని కూడా విడదీస్తుంది. మనం చూడాల్సిన చిల్లు సైజులో అది పదో వంతు కూడా కాదు. కాబట్టి 60 మి.మీ., 20 రెట్లు ఈ పనికి సరిపోవడమే కాదు, మిగులుతుంది కూడా. ఇంత శక్తి ఉన్న స్కోప్ చూపించలేకపోతోందంటే లోపం సైజుది కాదు, లోపల ఎక్కడో వెలుతురు చెదిరిపోతోంది. ముందు ఆ ఎక్కడో అన్నది తేలాలి.

దానికి చీకటి గది, ఒక టార్చి చాలు. ఐపీస్ (కన్ను పెట్టి చూసే అద్దాల గొట్టం) ఊడదీసి, ఆబ్జెక్టివ్ వైపు నుంచి టార్చి కాస్త ఏటవాలుగా కొడుతూ వెనక నుంచి చూడాలి. వెలుతురు నేరుగా కంట్లోకి రానివ్వకూడదు. తర్వాత అటుది ఇటు మార్చి, ముందు నుంచి చూడాలి. పగటి పూట శుభ్రంగా కనిపించిన అద్దం ఈ పరీక్షలో తన చరిత్రంతా బయటపెడుతుంది. నాలుగు రకాలు వేరుగా గుర్తుపట్టడం ముఖ్యం. మెరిసే చుక్కలు దుమ్ము. చూడ్డానికి భయపెడతాయి గానీ బొమ్మకి చేసే నష్టం బహు తక్కువ. అద్దం అంతటా సమంగా పరుచుకున్న పల్చటి పొర, చలికాలం పొద్దున బస్సు అద్దానికి పట్టిన ఆవిరిలాంటిది, ఫోకస్ మరల్లోని గ్రీజు ఎండలకి ఆవిరై చల్లబడ్డాక అద్దాలకి అంటుకున్నది. కాంట్రాస్టుని చంపేది ఇదే. సన్నటి దారాల్లా, కొమ్మలు వేస్తూ అంచు నుంచి లోపలికి పాకేది బూజు, అందరం ఫంగస్ అంటాం. నాలుగోది అసలు ప్రమాదం. ఆబ్జెక్టివ్‌లో రెండు అద్దాలు అతికించి ఉంటాయి, ఆ జిగురు వదిలితే అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులో, ఆకు ఆకారపు మచ్చలో కనిపిస్తాయి. అదే ఉంటే చాలావరకు ఆశ వదులుకోవాల్సిందే. విడదీసి మళ్లీ కేంద్రం కుదిర్చి అతికించే ఖర్చుకి కొత్త స్కోపే వస్తుంది.

నా దాంట్లో జిగురు గట్టిగా ఉంది. ఆబ్జెక్టివ్ లోపలి ముఖం మీద గ్రీజు పొర నిండుగా ఉంది. ప్రిజం మీద ఒక మూల నుంచి బూజు మొదలైంది. మొదటిది తుడిస్తే పోయేదే. రెండోది పోవచ్చు, పోకపోవచ్చు. బూజు వదిలే ఆమ్లం కోటింగ్‌ని, ఆ తర్వాత గాజుని కూడా తినేస్తుంది. తిన్నచోట బూజు పోయినా మరక ఉండిపోతుంది.

బాగుచేయించే మాట తేల్చుకునే ముందు కొత్తదాన్నీ నిజాయితీగా చూడాలనుకున్నాను. పక్షుల్ని చూసే స్నేహితురాలి దగ్గర సెలెస్ట్రాన్ అల్టిమా 80 ఉంది. 80 మి.మీ. ఆబ్జెక్టివ్, 20 నుంచి 60 రెట్ల జూమ్, 45 డిగ్రీల వంపు. ఆమె దగ్గర తీసుకుని, గచ్చిబౌలిలో హెచ్‌సీయూ ప్రాంగణంలోని రేంజ్‌కి నా పాతదాంతో పాటు పట్టుకెళ్లాను. తేడా మొదటి చూపులోనే తెలిసింది. నలుపులో చిల్లులు వాటి బూడిదరంగు అంచులతో సహా కనిపించాయి. 20 రెట్ల దగ్గరే అన్నీ కనిపించాయి, 30 దాటి తిప్పాల్సిన అవసరమే రాలేదు. లెక్క చెప్పిందే కన్నూ చెప్పింది. అయితే ఆ వంపు ఐపీస్ ప్రోన్‌లో నాకు కుదరలేదు. స్కోప్ చుట్టూ ఉండే బిగింపు రింగు (కాలర్) వదులు చేసి దాన్ని పక్కకి తిప్పుకుంటే కంటికి అందుతుంది, చాలామంది అలాగే వాడతారు. నేను ఏళ్ల తరబడి నిటారు స్కోప్‌కి అలవాటుపడ్డాను. రైఫిల్ మీంచి చెంప తీయకుండా ఎడమ కన్ను అటు తిప్పితే బొమ్మలో మధ్యభాగమైనా దొరుకుతుంది.

డాలస్‌లో ఉన్న మా మరిది, "వదినా, నేను వచ్చేటప్పుడు కోవా తెస్తాను, ఇక్కడి షూటర్లంతా దాన్నే మెచ్చుకుంటారు" అన్నాడు. నిజమే. అమెరికాలో హైపవర్ రైఫిల్ వాళ్లకి కోవా 82 మి.మీ. స్కోప్, దానికి 27 రెట్ల లాంగ్ ఐ రిలీఫ్ ఐపీస్ (కన్ను కాస్త దూరంగా ఉన్నా మొత్తం బొమ్మ చూపించేది) అంటే ప్రాణం. వాళ్లు ఆరువందల గజాల దూరంలో మిరాజ్, అంటే వేడి గాలి తెరల కదలిక చదవాలి, వాళ్ల అవసరం వేరు. బయటి నుంచి తెప్పించుకునేవాళ్లకి ఇక్కడే ఒక మాట. బిల్లు మీద స్పాటింగ్ స్కోప్ అని, మోనాక్యులర్ టెలిస్కోప్ అని స్పష్టంగా రాయించండి. కస్టమ్స్ వర్గీకరణలో బైనాక్యులర్లు, టెలిస్కోపులు 9005 కింద వస్తాయి. ఆయుధానికి బిగించే టెలిస్కోపిక్ సైట్లు 9013 కింద వస్తాయి, వాటి నిబంధనలు వేరు. షూటింగ్ అన్న మాట చూసి రెండూ ఒకటే అనుకునే అవకాశం ఉంది.

మరిదికి ఆగమని చెప్పి, బాగుచేసే మనిషి కోసం వెతికాను. కోఠిలో కెమెరా బాగుచేసే ఒకాయన చూసి, లెన్స్ వరకైతే తుడుస్తాను, ప్రిజం మాత్రం ముట్టుకోనన్నాడు. చేతకాని పని ఒప్పుకోని మనిషి మీద నాకు గౌరవమే. దారి చూపించిందీ ఆయనే. సర్వే పరికరాలు బాగుచేసేవాళ్లని అడగమన్నాడు. అది నాకు తట్టనేలేదు. ఆటో లెవెల్, థియోడొలైట్, టోటల్ స్టేషన్, ఇవన్నీ లోపల టెలిస్కోపులే కదా. అవి బాగుచేసే షాపులో కొలిమేటర్ (అద్దాలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసే పరికరం) ఉంటుంది, ప్రిజం సరిగ్గా కూర్చోబెట్టడం వాళ్లకి రోజూ ఉండే పని. ఈ ఒక్క విషయం తెలిస్తే పాత స్కోపులు ఉన్న చాలామంది వాటిని అటక మీద పడేయరు.

అలా దొరికిన పెద్దాయన స్వస్థలం విజయవాడ వైపు. స్కోప్‌ని చేతిలోకి తీసుకుని ముందు ఊపి చెవి దగ్గర పెట్టుకున్నారు. "ప్రిజం కదల్లేదమ్మా, శబ్దం లేదు. ఇది బతుకుతుంది" అన్నారు. పక్కన కూర్చుని చూస్తానని అడిగితే, "చూడమ్మా, చీర కొంగు మాత్రం బల్ల మీదకి రానివ్వకు, నూలు పీచు రాలుతుంది" అన్నారు.

ఆ రోజు నేను చూసిన పని గురించి ఎంత రాసినా తక్కువే. ముందు ఆబ్జెక్టివ్ రింగు, దాని కింద గొట్టం, రెండింటికీ కలిపి సన్నటి సూదితో ఒక గీత గీశారు. మళ్లీ బిగించేటప్పుడు ఆ గీత కలవాలి. రింగుకి రెండు గాట్లుంటాయి, వాటిలో రెండు మొనల స్పానర్ దించి తిప్పారు. రాలేదు. బలం పెట్టలేదు. మర దగ్గర ఒక చుక్క స్పిరిట్ వేసి, పక్కన పెట్టేసి, టీ తాగొచ్చాక మళ్లీ పట్టుకున్నారు. అప్పుడు వచ్చింది. లెన్స్‌ని మెత్తటి రబ్బరు మీద బోర్లించి, దాని అంచు మీద పెన్సిల్‌తో బాణం గుర్తు వేశారు, ఏ వైపు ముందో మర్చిపోకుండా. తర్వాత బ్లోయర్‌తో దుమ్ము ఊదారు. దుమ్ము ఉండగా తుడిస్తే అదే ఉప్పుకాగితం అవుతుంది. ఆ తర్వాతే లెన్స్ కాగితాన్ని మడిచి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, మధ్య నుంచి అంచుకి చుట్లు తిరుగుతూ ఒక్కసారి తుడిచి ఆ కాగితం పడేశారు. మళ్లీ కొత్త కాగితం. ఒక్క కాగితం రెండోసారి అద్దానికి తాకలేదు. ఆ కాగితాల మీద పసుపుపచ్చ జిడ్డు నేను కళ్లారా చూశాను. ఇన్నాళ్లూ నా బుల్‌ని తెల్లబరిచింది అదే.

ప్రిజం పని ఇంకా నిదానం. పోర్రో స్కోపులో రెండు ప్రిజాలు ఒకదానికొకటి సరిగ్గా తొంభై డిగ్రీల్లో, సన్నటి రేకు పట్టీలతో బిగించి ఉంటాయి. వాటిని తీయకుండా బూజు అందదు. తీస్తే ఆ తొంభై డిగ్రీలు పోవచ్చు. అందుకే కెమెరా ఆయన వద్దన్నాడు. బాబాయి గారు, అదే ఈ పెద్దాయన, ప్రతి ప్రిజం చుట్టూ దాని గూట్లో గీతలు గీసుకుని, పట్టీ వదులు చేసి బయటికి తీశారు. బూజుకి ఆయన మందు హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా సమపాళ్లలో, దూది పుల్లతో రాసి కాసేపు ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో, ఆఖర్న ఆల్కహాల్‌తో తుడవడం. కిటికీలు తీసి, చేతికి తొడుగులు వేసుకుని చేశారు. బ్లీచింగ్‌ని మాత్రం అమోనియా దగ్గరికి రానివ్వకూడదని, విషవాయువు వస్తుందని రెండుసార్లు చెప్పారు. దారాలన్నీ పోయాయి. మూలన మాత్రం నీలం కోటింగ్ ఎగిరిపోయి, గోరంత మేర గాజు పాలిపోయినట్టు మిగిలింది. "ఇంతకంటే రుద్దితే ఉన్నదీ పోతుందమ్మా. ఇది వెలుతురు దారిలో అంచుకి ఉంది, నీకు అడ్డం రాదు" అన్నారు.

తిరిగి బిగించాక పరీక్ష. గోడకి దూరంగా దారానికి బరువు కట్టి వేలాడదీశారు. ఒక కంటితో ఉత్తగా దారాన్ని, మరో కంటితో స్కోప్‌లో దారాన్ని చూడమన్నారు. రెండూ సమాంతరంగా ఉండాలి. స్కోప్‌లోది పక్కకి వాలితే ప్రిజాలు తొంభైలో లేనట్టు. కాస్త వాలింది. పట్టీ వదులు చేసి వెంట్రుకవాసి జరిపారు. ఈసారి సరిపోయింది. ఆ తర్వాత కొలిమేటర్‌లో చుక్క గుండ్రంగా వస్తోందో లేదో చూసి, ఫోకస్ మరలోని పాత గ్రీజంతా కడిగేసి, ఎండకి కరిగి ఆవిరి కాని రకం గ్రీజు పల్చగా రాశారు. నాబ్ ఇప్పుడు రెండు వేళ్లతో తిరుగుతుంది.

ఇక ఐపీస్. అసలు మార్పు ఇక్కడే వచ్చిందని నా నమ్మకం. పాత జూమ్ ఐపీస్‌కి కన్ను బాగా ఆనించాలి. నాకు కళ్లజోడుంది. అద్దం ఐపీస్‌కి తగిలేది, అయినా బొమ్మలో మధ్యభాగమే కనిపించేది. మొత్తం చూడాలంటే చెంపని రైఫిల్ మీంచి ఎత్తి, మెడ చాపాలి. మెడ చాపితే భుజం కదులుతుంది, స్లింగ్ బిగువు మారుతుంది. తర్వాతి గుండు వేరే పొజిషన్‌లోంచి కాల్చినట్టే. ప్రోన్‌లో అందరూ చెప్పేది ఒకటే, ఒకసారి కుదిరిన పొజిషన్‌ని కదపొద్దు. గుండు గుండుకీ కదిపించే స్కోప్ ఎంత స్పష్టంగా ఉన్నా ఆ పొజిషన్‌కి శత్రువే. అందుకే ఎన్ని రెట్లు అన్నదానికంటే, కంటిని ఎంత దూరం నుంచి పెట్టి మొత్తం బొమ్మ చూడగలం అన్నదే ముందు చూడాలంటాను. దాన్నే ఐ రిలీఫ్ అంటారు. కళ్లజోడు ఉన్నవాళ్లకి 18, 20 మి.మీ. అయినా కావాలి.

ఈ స్కోప్‌కి సరిపోయే ఐపీస్‌లు ఇప్పుడు దొరకవు, కంపెనీ మర కంపెనీదే. ఆకాశం చూసే టెలిస్కోపుల ఐపీస్‌లు మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి, వాటిలో ఎక్కువ వాటికి గొట్టం కొలత ప్రపంచమంతా ఒకటే, 1.25 అంగుళాలు. మధ్యలో ఒక అడాప్టర్ ఉంటే చాలు. దానికి ముందు ఆబ్జెక్టివ్ ఫోకల్ లెంగ్త్ తెలియాలి. లెన్స్ బయటికి తీసి ఉన్నప్పుడే, దూరంగా ఉన్న భవనం బొమ్మ తెల్లకాగితం మీద పడేలా పట్టుకుని స్కేలుతో కొలిచాం. 400 మి.మీ.కి కాస్త అటూ ఇటూ వచ్చింది. దాన్ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 20 మి.మీ. ఐపీస్ పెడితే 20 రెట్లు. దాదాపు 20 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్నదే ఎంచుకున్నాను.

అడాప్టర్ పొడవు ఎంతుండాలన్నది అట్టముక్కని గొట్టంలా చుట్టి తేల్చాను. ఐపీస్‌ని అందులో పెట్టి ముందుకీ వెనక్కీ జరుపుతూ టార్గెట్ స్పష్టంగా వచ్చినచోట గీత పెట్టుకున్నాను. ఇది రేంజ్ దూరంలోనే చేయాలి. 400 మి.మీ. ఆబ్జెక్టివ్‌కి 50 మీటర్ల దగ్గరి బొమ్మ, బాగా దూరపు బొమ్మ కంటే 3 మి.మీ. వెనక్కి పడుతుంది. ఇంటి కిటికీలోంచి దూరపు కొండని చూసి కొలిస్తే రేంజ్‌లో ఫోకస్ అందకపోవచ్చు.

బాలానగర్‌లో లేత్ పని చేసే కుర్రాడికి పాత ఐపీస్, అట్ట గొట్టం రెండూ ఇచ్చాను. పాతదాని మరకి థ్రెడ్ గేజ్ పెట్టి చూసి, అల్యూమినియం కడ్డీలోంచి తీశాడు. "లోపల మెరుస్తోంది కదా మేడమ్, నల్లరంగు కొట్టనా?" అని తనే అడిగాడు. ఆ ప్రశ్నకే నాకు అతని మీద గురి కుదిరింది. లోపలి మెరుపు కూడా బొమ్మని తెల్లబరుస్తుంది. మెరవని నల్లరంగు వేయించి, పక్కన ఐపీస్ బిగించే చిన్న మర పెట్టించాను. రిపేరు, ఐపీస్, అడాప్టర్ అన్నీ కలిపినా నేను చూసిన కొత్త స్కోపుల ధరలో చిన్న భాగమే అయింది.

రేంజ్‌లో పెట్టి చూసినప్పుడు మొదట నేను వెతికింది నలుపులో ఎనిమిదో రింగు గీత. సన్నటి తెల్లగీత, ఇన్నాళ్లూ మసకలో కలిసిపోయేది. ఇప్పుడు గీతగానే ఉంది. అయిదు గుండ్లు కాల్చాను. నాలుగు పది, తొమ్మిది మధ్య ఒకచోట కలిసిపోయాయి, ఒకటి ఎడమకి, గడియారంలో తొమ్మిది గంటల వైపు విడిగా ఉంది. అది కూడా చెంప ఎత్తకుండానే చూశాను. ఇంకో చిన్న చిట్కా కూడా ఇక్కడ పనికొచ్చింది. టార్గెట్ వెనక నల్లటి అట్ట ఉంటే నలుపులో చిల్లు నల్లగానే ఉంటుంది, ఎంత మంచి స్కోప్ అయినా ఏం చేస్తుంది? వెనక తెల్లదో నారింజ రంగుదో కాగితం పెట్టుకోనిస్తే చిల్లు వెలుగుతుంది. ప్రాక్టీసులో పెట్టుకోవచ్చు, కొత్త స్కోప్‌కి డబ్బు తీసేముందు అందరూ ఇది ఒకసారి చేసి చూడాలి.

కాంట్రాస్ట్ తిరిగి వచ్చాక ఇంకో మేలు జరిగింది, మిరాజ్ కనిపించడం మొదలైంది. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎండకి నేల మీంచి లేచే వేడి గాలి తెరలు తెరలుగా కదులుతుంది. స్కోప్‌ని టార్గెట్ మీద కాకుండా కాస్త ఇవతలికి ఫోకస్ చేస్తే ఆ తెరలు ఎటు పోతున్నాయో తెలుస్తుంది. ఎడమ నుంచి కుడికి పారుతుంటే గాలి ఎడమ నుంచి. నిలువుగా ఉడుకుతున్నట్టుంటే అడ్డగాలి లేనట్టు, లేదా దిశ మారబోతున్నట్టు. అందుకే అలాంటప్పుడు నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టను. పాయింట్ టూటూ గుండు నెమ్మదైనది, చిన్నపాటి అడ్డగాలికే రింగు మారిపోతుంది. రేంజ్‌లో పెట్టే జెండా, గాలి తగిలాకే కదులుతుంది. మిరాజ్ దారంతా ఏం జరుగుతోందో చెబుతుంది. మసక స్కోప్‌తో ఉన్నన్నాళ్లూ నేను జెండాల్నే నమ్ముకున్నాను.

ఇప్పుడు స్కోప్‌ని ఉంచే చోటు మార్చాను. గుడ్డ సంచిలో, ఫోమ్ పెట్టెలో పెట్టి మూసేస్తే తేమ లోపలే ఉండి బూజుకి ఇల్లు కట్టిచ్చినట్టే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్. తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా చూస్తాను. వానాకాలంలో జెల్ రంగు త్వరగా మారుతుంది, తీసి ఆరబెట్టి మళ్లీ వేస్తాను. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

నా స్కోప్ సంగతి చూసి మా క్లబ్బులో ఒక అమ్మాయి వాళ్ల నాన్నగారి స్కోప్ తెచ్చింది. అదే టార్చి పరీక్ష చేశాం. ఆబ్జెక్టివ్ అంచు చుట్టూ ఇంద్రధనుస్సు రంగులు, మధ్య దాకా పాకిన ఆకు ఆకారపు మచ్చ. జిగురు వదిలేసింది. బాబాయి గారికి చూపిస్తే ఆయనా అదే మాటన్నారు, దీని మీద డబ్బు పెట్టొద్దని. ఆ అమ్మాయికి 65 మి.మీ.ది చాలని చెప్పాను. కొనే ముందు కళ్లజోడుతోనే, మ్యాట్ మీద పడుకుని, రైఫిల్ భుజాన ఉండగానే ఐపీస్‌లో చూడమన్నాను. పాత స్కోప్‌లోని ప్రిజాలు, పట్టీలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వాటిని బాబాయి గారు విడిభాగాల కింద ఉంచుకున్నారు.